గోడ దాటిన నీలం వైరు

మా ఇంటి మధ్యలో గోడ లేచింది 2002లో. తాతయ్య పోయి ఏడాది తిరక్కుండానే నాన్న, చిన్నాన్న వాటాలు వేసుకున్నారు. ఆంధ్రా సరిహద్దులో, ఒడిశా వైపున్న పర్లాకిమిడిలో మాది పాతకాలపు పెంకుటిల్లు. వీధి అరుగు దగ్గర మొదలై పెరట్లో నూతి దాకా పొడుగ్గా వెళ్తుంది. దాన్ని నిలువునా రెండు చేసి మధ్యలో ఒంటి ఇటుక గోడ కట్టారు. నుయ్యి ఒక్కటే ఉమ్మడి. గోడ దూలాల ఎత్తు దాకా వచ్చి ఆగిపోయింది. దాని మీద, పెంకుల కింద, మూరెడు ఖాళీ ఉండిపోయింది. దాన్ని కూడా మూయించాలని ఇద్దరూ అన్నారు, ఎవరూ మూయించలేదు. ఆ ఖాళీలోంచి పిన్ని పోపు పెడితే మాకు వాసన వచ్చేది, మా రేడియో వార్తలు వాళ్ళకి వినపడేవి. మనుషుల మాటలు మాత్రం అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు వెళ్ళేవి కావు. అమ్మా పిన్నీ నూతి దగ్గర నాలుగు మాటలు చెప్పుకునేవారు గానీ అదీ మగవాళ్ళు ఇంట్లో లేనప్పుడే.

మామ్మ మా వాటాలోకి వచ్చింది. తాతయ్య పేరు మీదున్న టెలిఫోనూ మా వాటాలోకే వచ్చింది. చిన్నాన్న బట్టల కొట్టుకు వెళ్ళేముందు పెరటి దారిన వచ్చి, మామ్మ మంచం పక్కన కాసేపు కూచుని, ఆ దారినే వెళ్ళిపోయేవాడు. ఆ వేళకి నాన్న స్కూలుకి బయల్దేరిపోయేవారు. ఇద్దరూ గడియారం చూసుకుని మరీ తప్పుకునేవారని నాకు తర్వాత తెలిసింది.

కంప్యూటర్ ముందు మాకొచ్చింది, 2003లో. 40 జీబీ హార్డ్ డిస్కు, విండోస్ 98 సెకండ్ ఎడిషన్. నాన్న లోను పెట్టి కొన్నారు. దాని మీద కప్పడానికి అమ్మ పాత జరీ చీర కత్తిరించి గుడ్డ కుట్టింది. రెండేళ్ళకి గోడకి అటువైపు కూడా ఒకటి వచ్చింది. చిన్నాన్న కొడుకు, మా తమ్ముడు, అప్పుడే డిప్లొమాలో చేరాడు. వాడి చదువుకీ, కొట్టు లెక్కలకీ పనికొస్తుందని చిన్నాన్న కొన్నాడు. దాంట్లో విండోస్ ఎక్స్‌పీ. వాళ్ళకి ఫోను లేదు. కొత్త కనెక్షన్ కోసం పెట్టిన దరఖాస్తు ఎన్నాళ్ళకీ కదల్లేదు. చిన్నాన్న దగ్గర సెల్‌ఫోన్ ఉండేది. డాబా ఇళ్ళ మీదకి ఎక్కితే అది ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వైపు సిగ్నల్ పట్టేసి రోమింగ్ పడేది. సరిహద్దు ఊళ్ళలో ఉన్నవాళ్ళకి ఆ టెన్షన్ బాగా తెలుసు. ఒడిశా ఫోను, చేతిలోనే ఉండి ఆంధ్రా అయిపోయేది.

తమ్ముడు ఒకరోజు నూతి దగ్గర నన్ను ఆపాడు. "అప్పా, మీ నెట్ నాకు ఇయ్యొచ్చు, తెలుసా?" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు.

నేను నమ్మలేదు. అప్పట్లో మాకు నెట్ అంటే ఫోను తీగ. 172233 కి డయల్ చేస్తే చాలు, అకౌంటూ పాస్‌వర్డూ తెచ్చుకోనక్కర్లేదు, ఖర్చు ఫోను బిల్లులో వచ్చి పడేది. మోడెమ్ కీచుమని, గరగరమని, చివరికి నిశ్శబ్దం అయిపోతే కలిసినట్టు. 56 కే అని పేరు గానీ సెకనుకి నాలుగైదు కిలోబైట్లు వస్తే గొప్ప. మూడు ఎంబీ పాట దిగడానికి పది నిమిషాలు. అంత సన్నటి ధారని మళ్ళీ ఇద్దరం పంచుకోవడమా?

"పంచుకుంటే సగం సగం వస్తాది, రాకపోవడం కంటే నయమే కదా" అన్నాడు వాడు.

బరంపురం వెళ్ళే పని పడితే వాడు రెండు నెట్‌వర్క్ కార్డులు, పన్నెండు మీటర్ల నీలం కేబులు తెచ్చాడు. దుకాణం అతను రెండు చివర్లా ప్లగ్గులు బిగించి మరీ ఇచ్చాడు. గోడ మీద నుంచి వైరు వెయ్యడానికి తమ్ముడు వాళ్ళ వైపు నిచ్చెన ఎక్కాడు, నేను మా వైపు బియ్యం డబ్బా మీద స్టూలు వేసుకుని ఎక్కాను. ఖాళీలోంచి వాడి చెయ్యి, చేతిలో వైరు. నేను అందుకున్నాను. మూడేళ్ళలో ఆ సందులోంచి మనిషి చెయ్యి రావడం అదే మొదలు. కింద మంచం మీద మామ్మ తల ఎత్తి చూస్తోంది. "ఏటే అది, పాము తోకలాగుంది?" అంది.

రెండు పక్కలా గుచ్చాం. కార్డు వెనక పచ్చ లైటు వెలగలేదు. తీసి మళ్ళీ గుచ్చాం. వెలగలేదు. వాడు ఆ దుకాణానికి ఫోను చేస్తే, అతను ఒడియాలో చెప్పాడట: "సిధా కేబుల్‌రే హెబ నాహిఁ, క్రాస్ దర్కార్." మామూలు కేబులుతో అవ్వదు, క్రాస్ కేబులు కావాలని. మామూలుది కంప్యూటర్ని హబ్‌కి, అంటే చాలా కంప్యూటర్లని కలిపే పెట్టెకి, కలపడానికి. రెండు కంప్యూటర్లని నేరుగా కలపాలంటే ఒకదాని పంపే తీగ రెండోదాని అందుకునే తీగకి వెళ్ళాలి కదా, అందుకని ఒక చివర జతలు తారుమారు చెయ్యాలి. ఇప్పటి కార్డులు ఆ పని వాటంతట అవే చూసుకుంటాయి. మావి అప్పటివి.

తమ్ముడు కాలేజీ లాబ్‌లో అటెండర్ని బతిమాలి ప్లగ్గులు బిగించే క్రింపింగ్ టూల్ ఒక్క రాత్రికి అడిగి తెచ్చాడు. పొద్దున్న లాబ్ తెరిచేలోపు దాని చోట అది ఉండాలి. ఆ రాత్రి కరెంటు లేదు. నూతి గట్టు మీద కిరసనాయిలు లాంతరు పెట్టుకుని ఇద్దరం కూచున్నాం. నూతి గట్టు ఎవరి వాటా కాదు కాబట్టి అక్కడ కూచుంటే ఎవరూ ఏమీ అనరు. నీలం తొడుగు రెండు అంగుళాలు వొలిస్తే లోపల నాలుగు జతలు, ఎనిమిది సన్నటి తీగలు, పురి పెట్టి ఉన్నాయి. వాటి పురి విప్పి, గోటితో నునుపు చేసి, వరసలో పెట్టి పట్టుకోవాలి. నారింజ గీతల తెలుపు, నారింజ, ఆకుపచ్చ గీతల తెలుపు, నీలం, నీలం గీతల తెలుపు, ఆకుపచ్చ, గోధుమ గీతల తెలుపు, గోధుమ. అది ఒక చివర. రెండో చివర నారింజ ఉన్నచోట ఆకుపచ్చ, ఆకుపచ్చ ఉన్నచోట నారింజ. అంతే తేడా. ఒకటో తీగ మూడో చోటికి, రెండోది ఆరో చోటికి వెళ్తుంది. లాంతరు వెలుగులో నారింజకీ గోధుమకీ తేడా తెలియడంలేదు. తమ్ముడు ఒక్కో తీగనీ గాజుకి దగ్గరగా పెట్టి చూసేవాడు, నేను రంగు చెప్పేదాన్ని. రెండు ప్లగ్గులు పాడయ్యాయి. మూడోదాంట్లో ఎనిమిది తీగలూ చివరిదాకా వెళ్ళి ప్లాస్టిక్ లోంచి ఎనిమిది రాగి చుక్కలు మెరుస్తూ కనిపించాయి. వాడు టూల్ గట్టిగా నొక్కాడు. 'టక్' మంది.

కరెంటు రెండింటికి వచ్చింది. అప్పుడే గుచ్చాం. పచ్చ లైటు వెలిగింది.

వెలిగినంతలో అయిపోలేదు. 98 సీడీ వెతికి ఇంటర్నెట్ షేరింగ్ అన్న భాగాన్ని విడిగా ఎక్కించాలి. అది 1999లో వచ్చిన సెకండ్ ఎడిషన్‌లోనే మొదటిసారి పెట్టారు, మాది మొదటి 98 అయ్యుంటే ఆ సౌకర్యమే ఉండేది కాదు. ఎక్కించాక మా కంప్యూటర్ తనకి తానే 192.168.0.1 అని నంబరు పెట్టుకుంది. ఇంక అటువైపు వాళ్ళకి నంబరు ఇచ్చేదీ, వాళ్ళ అడ్రసులు వెతికి పెట్టేదీ, వాళ్ళ తరఫున బయటికి వెళ్ళి వచ్చేదీ అదే. ఇంటి పెద్దలాగ. రెండింటికీ వర్క్‌గ్రూప్, అంటే కలిసున్న కంప్యూటర్ల గుంపు, పేరు ఒకటే ఉండాలని తెలియక కాసేపు పోయింది. ఎక్స్‌పీ తనంతట తాను ఒక పేరు పెట్టుకుంది, మాది ఇంకొకటి పెట్టుకుంది. రెండూ పక్కపక్కనే ఉండి ఒకదానికొకటి కనపడవు. తమ్ముడు రెండింటికీ ఒకటే పేరు పెట్టాడు: తాతయ్య ఇంటిపేరు.

మా కంప్యూటర్ పలుకుతుందా అని అటు నుంచి పింగ్ కొట్టి చూశాడు. మూడుసార్లు జవాబు రాలేదు. నాలుగోసారి గోడ అవతలనుంచి "వచ్చింది అప్పా!" అని అరిచాడు. అర్ధరాత్రి దాటి రెండున్నరకి ఆ అరుపు పెంకుల కింద మోగిపోయింది. నాన్న లేచారు. చిన్నాన్న కూడా లేచుంటాడు. ఎవరూ ఏమీ అనలేదు.

అలా మొదలైన వైరు దాదాపు నాలుగేళ్ళు పనిచేసింది. ఒకసారి ఎలుకలు కొరికితే అతికించాం, ఇంకోసారి పెంకులు సర్దడానికి వచ్చిన మనిషి ఏదో తాడు అనుకుని లాగేశాడు.

ఇందులో నాకు బాగా గుర్తున్న చిత్రం ఒకటుంది. తమ్ముడు వాళ్ళింట్లో బ్రౌజర్ తెరిస్తే చాలు, మా సావట్లో మోడెమ్ తనంతట తాను డయల్ చేసేది. మొదటి వారం ఒక రాత్రి పదకొండింటికి, కుర్చీలో మనిషి లేకుండా, చీకట్లో ఆ కీచు గరగర మొదలయ్యేసరికి అమ్మ దీపం పెట్టి దండం పెట్టింది. నాన్న మాత్రం అర్థం చేసుకున్నారు. "కుర్రాడికి పరీక్షలున్నట్టున్నాయి" అని అటు తిరిగి పడుకున్నారు. ఫోను బిల్లు వచ్చిన నెల, తమ్ముడి చేత చిన్నాన్న ఒక కవరు పంపాడు. లోపల సగం డబ్బు, చిల్లరతో సహా. కవరు మీద ఏమీ రాసి లేదు. నాన్న లెక్కపెట్టకుండా సొరుగులో పెట్టారు. ఆ తర్వాత ప్రతి బిల్లుకీ కవరు వచ్చింది.

ఫైళ్ళ కోసం మా కంప్యూటర్లో ఒక ఫోల్డర్ అటువాళ్ళకి కనపడేలా తెరిచి పెట్టాం. దాంట్లో 'కబుర్లు' అని ఒక నోట్‌ప్యాడ్ ఫైలు ఉండేది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునేవాళ్ళం. ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉందని, మన భాషల్లాంటి సంక్లిష్ట లిపుల గడి టిక్ చేస్తే తెలుగు కనపడుతుందని తమ్ముడు కనిపెట్టి ఒకసారి చక్కగా తెలుగులో ఉత్తరం రాసి మామూలుగా సేవ్ చేశాడు. అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలు అయిపోయాయి. వరసగా పది లైన్ల ప్రశ్నార్థకాలు. ఏం రాశావురా అంటే మర్చిపోయానన్నాడు. ఇంకో చిక్కు, నోట్‌ప్యాడ్ ఎవర్నీ ఆపదు. ఇద్దరం ఒకేసారి తెరిచి రాస్తే చివర సేవ్ చేసినవాళ్ళదే మిగులుతుంది, ముందు రాసినవాళ్ళది గల్లంతు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. రాసేముందు గోడ మీద రెండుసార్లు తట్టాలి. అయిపోయాక ఒకసారి. మామ్మ ఆ తట్లు వినేది. "తమ్ముడు పిలస్తన్నాడే" అని నన్ను లేపేది.

మామ్మని రికార్డ్ చేద్దామన్నది తమ్ముడి ఆలోచనే. 2007 ఎండాకాలం. అప్పటికి బ్రాడ్‌బ్యాండ్ మా ఊరిదాకా వచ్చింది. రాత్రి రెండు నుంచి పొద్దున్న ఎనిమిది దాకా ఎంత వాడినా లెక్కలేదు. మా కంప్యూటర్లో ఇంకో నెట్‌వర్క్ కార్డు దిగింది, ఒకటి మోడెమ్‌కి, ఒకటి గోడకి. నెట్ బాగయ్యాక దాని మీద మోజు తగ్గింది కూడా. వాడి కాలేజీలో ఎవరో మైకు అమ్ముతుంటే కొని, వైరు మీదే ఖాళీలోంచి కిందికి దింపాడు.

విండోస్‌లో ఉన్న సౌండ్ రికార్డర్ ఒక్కసారికి 60 సెకన్లే రికార్డ్ చేస్తుంది. అరవై కాగానే ఆగిపోతుంది. ఇంకే సాఫ్ట్‌వేరూ మాకు తెలియదు. అందుకని మామ్మ మాటలన్నీ నిమిషం నిమిషం ముక్కలు. తమ్ముడు క్వాలిటీ దగ్గర రాజీ పడలేదు, సీడీ స్థాయిలోనే పెట్టాలన్నాడు. అలా పెడితే నిమిషానికి పది ఎంబీ. మామ్మ 1, మామ్మ 2, మామ్మ 3 అని పేర్లు పెట్టుకుంటూ పోయాం. మొదట్లో ఆవిడకి మైకంటే బెరుకు. తర్వాత తెర మీద ఆకుపచ్చ గీత ఎగిరిపడుతుంటే దాన్ని చూస్తూ మాట్లాడటం అలవాటయింది. గీత ఆగిపోతే ఆవిడా వాక్యం మధ్యలో ఆగిపోయేది. "అయిపోనాదేటి?" అని అడిగేది. నేను మళ్ళీ ఎర్ర బొత్తం నొక్కితే ఆగిన మాట దగ్గర్నుంచే అందుకునేది. ఆ తీరు నాకు ఎంత ముద్దుగా ఉండేదో.

ఏం చెప్పిందంటే అన్నీ చెప్పింది. నౌపడా నుంచి వచ్చే చిన్న రైలు గురించి నాలుగు నిమిషాలు ఉంది. రాజావారు వేయించిన రైలు, 1900లో మొదలైంది. బండి ఎత్తు ఎక్కేచోట మెల్లగా వెళ్తుంటే దిగి చింతకాయలు కోసుకుని మళ్ళీ ఎక్కేవారట. అది 2004లో పెద్ద లైను చెయ్యడానికని ఆగిపోయింది, మామ్మ ఆ మాట అంటున్నప్పుడు పట్టాలు పీకేసి ఉన్నాయి. ఇంకో రెండు నిమిషాలు 1936 గురించి. ఏప్రిల్‌లో ఒరిస్సా వేరే రాష్ట్రం అయినప్పుడు మామ్మకి ఎనిమిదేళ్ళు. మా పర్లాకిమిడి ఒరిస్సాలోకి వెళ్ళింది, పక్కనున్న పాతపట్నం మద్రాసులోనే ఉండిపోయింది. "నిన్నటిదాకా ఎల్లొచ్చిన అమ్మోరి గుడి పరాయి రాజ్జెం అయిపోనాదన్నారు. మేం మటుకు ఎప్పట్లాగే ఎల్లీవాళ్ళం" అని నీలమణి దుర్గ గుడి గురించి చెప్పింది. పెద్ద పంతులుగారు కూడా ఊరు విడిచి వెళ్ళిపోయారని వాళ్ళ నాన్న బాధపడ్డాడట. ఆవిడ చెప్పిన పెద్ద పంతులుగారు గిడుగు రామమూర్తిగారే. జనం నోట్లో ఉన్న తెలుగే పుస్తకాల్లోకి రావాలని పట్టుబట్టిన మనిషి మా ఊళ్ళోనే పాఠాలు చెప్పారు. మామ్మ మాటల్ని తర్వాత కాగితం మీద పెడదామని కూచున్నప్పుడు, 'ఎల్లీవాళ్ళం' అన్నదాన్ని 'వెళ్ళేవాళ్ళం' అని దిద్దబోయి చెయ్యి రాక అలాగే ఉంచాను.

పొడుపు కథలు, పిల్లల జబ్బులకి కషాయాలు, మా తాతయ్య కోపాలు, చిన్నప్పుడు నాన్నా చిన్నాన్నా ఒకే చొక్కా కోసం కొట్టుకున్న సంగతి, చివరికి ఆవకాయ కొలతలు. మొత్తం 74 ముక్కలు. మా కంప్యూటర్లో సీడీ రైటర్ లేదు, వాళ్ళ దాంట్లో ఉంది. దసరా సెలవుల్లో తమ్ముడు వైరు మీదే అన్నిటినీ లాగి సీడీలో రాయబోయాడు. సీడీకి 700 ఎంబీ. మామ్మ 69 దాకా పట్టింది. మిగిలిన ఐదూ ఇంకో సీడీలో రాస్తానని, వాళ్ళ డిస్కు నిండిపోతోందని కాపీ చేసినవి తుడిచేశాడు. ఆ ఇంకో సీడీ రాయలేదు. ఎందుకు రాయాలి? వైరు ఉంది కదా, ఎప్పుడు కావాలంటే అప్పుడు మా ఫోల్డర్ తెరిచి వినొచ్చు. రెండు కంప్యూటర్లలో కనపడుతోంది కాబట్టి రెండుచోట్లా ఉందనుకున్నాం. కనపడటం వేరు, ఉండటం వేరు. ఇప్పుడు ఎవరైనా పిల్లలు ఫొటోలు ఫోన్లో కనపడుతున్నాయి కదా అంటే నేను ఊరుకోను. ఇంకోచోట ఉంచారా లేదా అని అడిగి విసిగిస్తాను.

మామ్మ 2008 ఫిబ్రవరిలో పోయింది. నిద్రలోనే. పన్నెండు రోజులూ అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన పీటల మీద కూచుని కర్మ చేశారు, బ్రాహ్మడు చెప్పిన మంత్రాలు తప్ప ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకోలేదు. పదమూడో రోజు ఎవరి వాటాలోకి వాళ్ళు వెళ్ళిపోయారు. చిన్నాన్నకి పెరటి దారిన వచ్చే పని కూడా లేకుండా పోయింది.

ఆ తర్వాత ఒక రాత్రి. భోజనాలయ్యాక కంప్యూటర్ ఆపెయ్యబోయాను. షట్‌డౌన్ నొక్కితే తెర మీద చిన్న పెట్టె వచ్చింది. ఒకరు మీ కంప్యూటర్‌కి కలిసి ఉన్నారు, ఆపేస్తే వాళ్ళ కనెక్షన్ తెగిపోతుంది, ఆపమంటారా, అని. 98లో ఆ హెచ్చరిక వచ్చేది. తమ్ముడు ఊళ్ళో లేడు, స్నేహితుడి పెళ్ళికి వెళ్ళాడు. మరెవరా అనుకుంటుంటే నాన్న వచ్చి వెనక నిలబడ్డారు. కరెంటు బిల్లు విషయంలో నాన్న చాలా గట్టి. పడుకునేముందు ప్రతి స్విచ్చీ తాకి చూసుకుంటారు. "ఏమిటే, ఆపలేదా ఇంకా?" అన్నారు.

"అటు ఎవరో మన ఫైలు తెరిచి ఉన్నారు నాన్నా."

అప్పుడు వినపడింది. పెంకుల కింద ఖాళీలోంచి, సన్నగా, మామ్మ గొంతు. చిన్న రైలు, చింతకాయలు. నిమిషం కాగానే తెగింది. మౌస్ నొక్కిన చప్పుడు. మళ్ళీ మామ్మ గొంతు, తెగిన మాట దగ్గర్నుంచి. తమ్ముడు వాళ్ళ డెస్క్‌టాప్ మీద మా ఫోల్డర్‌కి ఒక షార్ట్‌కట్ పెట్టి చిన్నాన్నకి రెండుసార్లు నొక్కడం నేర్పాడని నాకు తెలియదు. నెట్‌వర్క్ కార్డు వెనక లైటు టపటపా కొట్టుకుంటోంది. ఆ మాటలు మా డిస్కు మీద నుంచి లేచి, నీలం వైరులోంచి గోడ ఎక్కి, అటు దిగి, మళ్ళీ గాలిలోంచి గోడ దాటి మా దగ్గరికే వస్తున్నాయి.

నాన్న కదల్లేదు. నాలుగైదు ముక్కలు అయ్యేదాకా అలాగే నిలబడ్డారు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "ఉండనీ. ఆపకు" అన్నారు.

ఆ రోజు నుంచి మా కంప్యూటర్ రాత్రిళ్ళు ఆపలేదు. సావట్లో దీపం ఆర్పేశాక దాని లైటు ఒక్కటే వెలుగుతూ ఉండేది. ఒక్కోసారి నాన్న ఆ చీకట్లోనే పడక్కుర్చీ గోడ దగ్గరికి జరుపుకుని కూచునేవారు.

2009 ఏప్రిల్ ఆఖర్లో పిడుగు పడింది. ఆ సాయంత్రం అమ్మా నేనూ పాతపట్నం గుడికి వెళ్ళాం. ఉరుములు మొదలైతే ఫోను తీగ పీకెయ్యాలని నాన్న ఎన్నిసార్లో చెప్పారు. వెళ్ళేముందు ఎండ కాస్తోంది, నాకు తోచలేదు. ఫోను తీగలోంచి వచ్చిన దెబ్బకి మోడెమ్, బోర్డు, డిస్కు, అన్నీ పోయాయి. వైరు మీదుగా అటు వెళ్ళి వాళ్ళ నెట్‌వర్క్ కార్డునీ కాల్చేసింది గానీ అక్కడితో ఆగింది. డిస్కు పట్టుకుని విశాఖపట్నం దాకా వెళ్ళాను. ఒక దుకాణంలో రెండు రోజులు ఉంచుకుని రాదన్నారు. తిరుగు బస్సులో ఆ డిస్కుని ఒళ్ళో పెట్టుకుని ఎంత ఏడ్చానో. మామ్మ పోయినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు.

బాగుచేయించిన కంప్యూటర్ మే ఆఖర్లో ఇంటికి వచ్చింది. ఖాళీగా. తమ్ముడికి అప్పటికే భువనేశ్వర్‌లో ఉద్యోగం. వాడికి ఫోను చేసి సంగతి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నా ట్రంకు పెట్టెలో చూడాలి అప్పా" అన్నాడు. నా ఫోను పెట్టేసి వాళ్ళ నాన్నకి చేసినట్టున్నాడు.

ఆదివారం పొద్దున్న. అమ్మ ఆ ఏడు ఇంకా ఆవకాయ పెట్టలేదు, కాయలు మధ్య గదిలో గోనెసంచి మీద పోసి ఉన్నాయి. వీధి తలుపు చప్పుడయింది. చిన్నాన్న. పెరటి దారిన కాదు, వీధి గుమ్మంలోంచి వచ్చాడు. చేతిలో కొట్టు పేరు అచ్చేసిన బట్టల కవరు. అందులో సీడీ. దాని మీద తమ్ముడి రాత, 'మామ్మ 1 నుంచి 69'. నా చేతికిచ్చి "ఇది పెట్టమ్మా" అన్నాడు. నాన్న పడక్కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూచున్నారు. చిన్నాన్న గోడకి ఆనించి ఉన్న స్టూలు లాక్కుని కూచున్నాడు. ఆ స్టూలే, వైరు అందుకోవడానికి నేను ఎక్కింది.

అన్నీ ముందు డిస్కులోకి ఎక్కించాను. చివరిది సరిగ్గా వచ్చిందో లేదో చూద్దామని 69 నొక్కాను. మామ్మ గొంతు, పక్కనే కూచుని చెప్తున్నట్టు: "…ముక్కలు ఎనిమిది సోలలనుకో. కారం రెండు సోలలు. ఉప్పు సోలన్నర. మెంతులు గుప్పెడు. ఇంక ఆవపిండేమో…"

అరవై సెకన్లు. ఆగిపోయింది. ఆవపిండి 70లో ఉంది. 70 లేదు.

ఎవరూ మాట్లాడలేదు. నేను తెర వైపే చూస్తూ కూచున్నాను.

"రెండు సోలలు" అన్నారు నాన్న, ఎవరితోనో తెలియకుండా.

చిన్నాన్న తల ఎత్తాడు. "కాదన్నయ్యా, సోలన్నర. ఉప్పూ ఆవా సమానం అనేది అమ్మ."

"ఉప్పూ కారం సమానం అనేది. ఆవ ఎక్కువ."

"ఉప్పూ కారం ఎలా సమానం? ఇప్పుడే చెప్పింది కదా, కారం రెండు, ఉప్పు సోలన్నర!"

"మళ్ళీ పెట్టవే" అన్నారు నాన్న. పెట్టాను. మళ్ళీ ఆవపిండి దగ్గర తెగింది. మళ్ళీ పెట్టమన్నారు. మూడోసారి పెడుతుండగా పెంకుల కింద ఖాళీలోంచి పిన్ని గొంతు వచ్చింది.

"ఇద్దరిదీ తప్పే! సోలా ముప్పావు. నేను కొలిచి పోశాను ఆవిడ పక్కనుండి."

వంటింట్లోంచి అమ్మ చేతిలో కత్తిపీటతో వచ్చి, నాన్న ముందే, చిన్నాన్న ముందే, మొహం పైకెత్తి గోడ కేసి గట్టిగా అడిగింది:

"మరి నూనెంత పోసేదే?"